మాండియా పక్కన చుక్కల సున్నా

ఆ రోజు ఉదయం నేనొక అబద్ధం చెప్పాను. చెప్పేటప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు. నిజమో కాదో ఒకసారి చూసుకుందామని కూడా అనిపించలేదు. అందుకే దాన్ని పొరపాటు అని తేలిగ్గా వదిలేయలేను.

"మీ భాషకి కంప్యూటర్లో ఫాంట్ లేదక్కా" అన్నాను.

నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఆమె కాసేపు నా స్క్రీన్ వైపు, కాసేపు తన ఫోన్ వైపు చూసింది. తర్వాత, "అయితే పేర్లు తీసేయ్ తమ్ముడూ. బొమ్మలుంచు" అంది.

అరకు బస్టాండుకి దగ్గర్లో మాకొక చిన్న షాపు ఉంది. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, పాస్‌పోర్టు ఫొటోలు, జెరాక్సు. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను, నా భార్య జెరాక్స్ మిషను దగ్గర ఉంటుంది. మా ఇద్దరిదీ కొండ కింద శృంగవరపుకోట వైపు. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది. ఈ కొండల్లో సగం మంది ఇళ్లల్లో మాట్లాడుకునే ఆదివాసీ ఒరియాలో నాకు వచ్చినవి నాలుగు మాటలే, అవీ బేరమాడటానికి పనికొచ్చేవి.

ఆమెది అనంతగిరి రోడ్డు మీద ఒక చిన్న గూడెం, మాట్లాడేది ఆ భాషే. అక్కడి ఆడవాళ్ల సంఘానికి పెద్ద. మర్నాడు వాళ్లకి ఇటుకల పండగ. దుక్కులు మొదలుపెట్టే ముందు ఇంటింటి విత్తనాలూ దేవత ముందుంచి మొక్కుకునే పండగ అది. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకని అడవిలోకి వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు పెట్టి, పాటలు పాడి, వచ్చేపోయే బళ్లను ఆపి పండగ మామూలు అడుగుతారు. వేట దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద పేడనీళ్లు పోసి నవ్వుతారు. ఇదంతా నేను బండి ఆపి చిల్లర ఇచ్చి వెళ్లిపోయేవాడిగానే చూశాను.

ఈసారి వాళ్లు రోడ్డు పక్కన పందిరి వేసి, ఒక్కో బుట్టలో ఒక్కో విత్తనం పెట్టి, వెనకాల పెద్ద ఫ్లెక్సీ కట్టాలనుకున్నారు. ప్రతి విత్తనం ఫొటో, దాని కింద వాళ్ల భాషలో పేరు.

"పేర్లెందుకక్కా, చూస్తే తెలియదా?" అని ఉదయం నేనే అడిగాను.

"మాకు తెలుత్తాది. మా పిల్ల గుంటలకి తెలీదు. హాస్టల్నుంచి వొచ్చారు కదా, రాగులంతారు, సామలంతారు. మాండియా అంటే నవ్వుతారు. అదేదో ముసలోళ్ల మాటంట." ఫోన్ తెరిచి చూపించింది. "మాయమ్మ సెప్తుంటే నేను కొట్టాను ఇయన్నీ. మా మాట రాసి ఉండగా ఆ గుంటలు ఎప్పుడూ సూడలేదు. బోర్డు మీద ఉంటే అప్పుడు నమ్ముతారు."

వాట్సాప్‌లో ఆ పేర్లు పంపింది. తెలుగు అక్షరాలతో చక్కగా కొట్టింది. నేను కాపీ చేసి, బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి పెట్టాను. అక్షరాలు చెదిరిపోయాయి.

ఇక్కడ నా పని గురించి కాస్త చెప్పాలి. నాలాంటి పాతకాలం డీటీపీ వాళ్లం అలవాటుపడిన తెలుగు ఫాంట్లు వేరు. వాటిలో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరం చొక్కా తొడుక్కుని ఉంటుంది. గుడి, కొమ్ము, వత్తు, ఒక్కోదానికి ఒక మీట. మా వేళ్లే వాటిని ఒక చోట చేరుస్తాయి. ఫోన్లో కొట్టిన తెలుగు ఆ ఫాంట్లలోకి రాదు, ఉత్త డబ్బాలు కనిపిస్తాయి. దానికి కొత్త రకం ఫాంటు కావాలి. అందులో అక్షరాలను కలిపే పని సాఫ్ట్‌వేర్‌ది.

కొత్త ఫాంటే పెట్టాను. డబ్బాలు పోయాయి గానీ, మాండియాలో 'డ' ఒకచోట, దాని గుడి ఇంకోచోట. ఆ గుడి కింద చుక్కలతో గీసిన ఒక సున్నా. మిగతా పేర్లలో వత్తులు అక్షరం కింద చేరకుండా, రైలు తప్పిపోయి ప్లాట్‌ఫాం మీద నిలబడిపోయినవాళ్లలా పక్కన వరసగా నిలబడ్డాయి. పైన 'మన విత్తనాల పండగ' అన్న హెడ్డింగు మాత్రం ముచ్చటగా ఉంది. అది నేను పాత ఫాంటులో నా చేత్తో కొట్టింది. తెలుగు బాగుంది, వాళ్ల మాటలు బాగోలేదు. నాకింకేం కావాలి? తప్పు వాళ్ల భాషదేనని తేల్చేశాను.

"నా ఫోన్లో బాగానే ఉంది కదేటి?" అందామె.

"ఫోన్ వేరు, కంప్యూటర్ వేరక్కా."

"అచ్చరాలు తెలుగువే కదా?"

"అక్షరాలు తెలుగువే, మాటలు కాదు కదా. దానికి తెలీదు."

నాకు తెలీదు అనాల్సిన చోట దానికి తెలీదు అన్నాను. ఒక్క తెలుగు మాటని కూడా అదే దారిలో తెచ్చి పెట్టి చూసుంటే అక్కడికక్కడే తేలిపోయేది. చూడలేదు. ఇదే ఏ రిసార్టు మేనేజరో అయితే ఇంత తొందరగా లేదనేసేవాణ్ణా? అనేవాణ్ణి కాదు. ఇంకో ఫాంటు వెతికేవాణ్ణి, లేదంటే హెడ్డింగులాగే పాత ఫాంటులో ఒక్కో పేరూ నా చేత్తో కొట్టేవాణ్ణి, ఎవరికో ఫోన్ చేసేవాణ్ణి, టీ కూడా తెప్పించేవాణ్ణి.

పేర్లు లేని ఫ్లెక్సీ మిషనులోంచి వచ్చింది. ఆమె దాన్ని చుట్ట చుట్టుకుంది. గుమ్మం దాటుతూ, "మాయమ్మ అడుగుద్ది, ఏటి రాసారని. ఏదో ఒకటి సెప్తాన్లే" అంది. నాతో కాదు, తనలో తను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక బొంగు చికెన్ అమ్మే అతను వాట్సాప్ చేశాడు. బండికి కొత్త బోర్డు కావాలట. 'అసలైన బొంగు చికెన్, వేడివేడిగా' అని తనే ఫోన్లో కొట్టి పంపాడు. మళ్లీ కొట్టడమెందుకని కాపీ చేసి పెట్టాను.

'చికెన్' చెదిరిపోయింది. చ పక్కన గుడి, దాని కింద చుక్కల సున్నా.

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. నా భార్య ఎవరి ఆధార్ కార్డో జెరాక్స్ తీసి ఇచ్చి, నా భుజం మీంచి తొంగి చూసింది. ఉదయం జరిగిందంతా ఆమె వినే ఉంది.

"ఏటండీ, పొద్దున్న ఆవిడ భాషకి లేదన్నారు. ఇప్పుడు సికెన్‌కీ లేదేటి ఫాంటు?"

నేను 'చికెన్' చెరిపేసి మళ్లీ పెట్టాను, మళ్లీ చెదిరింది.

"కోడి కూడా ఒరియాలో కూసిందేటో" అని నవ్వేసి, నా మొహం చూసి ఆపేసింది. "ఆవిడ మొహం మాడిపోయిందండీ పొద్దున్న. పాపం."

సిగ్గు అనేది మొదట చెవుల్లోకి వస్తుందని నాకు అప్పుడు తెలిసింది. చెవులు కాలిపోయాయి. కానీ దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది. చికెన్ చెదిరిందంటే తప్పు ఆమె మాటల్లో లేదు. మరి ఎక్కడుంది? ఎక్కడో ఉండే ఉంటుంది. దొరికితే ఆ పేర్లన్నీ నిలబడతాయి! పండగ రేపే, ఇంకా సాయంత్రం కూడా కాలేదు.

బొంగు చికెన్ అతనికి బోర్డు రేపిస్తానని చెప్పేసి పనిలో దిగాను.

ఫాంటు మార్చాను. చెదిరింది. ఇంకోటి మార్చాను. చెదిరింది. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాను. నా భార్య, "మొత్తం ఆపేసి మళ్లీ ఆన్ సేయండి, టీవీకి అలగే సేత్తాం కదా" అంటే అదీ చేశాను. ఫాంటు తీసేసి మళ్లీ ఎక్కించాను. గుడి కింద ఆ సున్నా అలాగే ఉంది, నన్ను చూస్తున్న కన్నులాగా.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఆమె పంపిన పేర్లనే, అదే ఫాంటుతో, మామూలు నోట్‌ప్యాడ్‌లో పెట్టాను.

మాండియా.

ఎంత బాగా కలిసి ఉందో! డ మీద గుడి ఒద్దికగా కూర్చుంది. కింది పేర్లలో వత్తులన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఫాంటు మంచిదే! కంప్యూటర్ మంచిదే! ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో ఉంది!"

"అయితే దాన్నడగండి, నా మీద అరుత్తారేటి" అంది నా భార్య. కానీ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. జెరాక్స్ కోసం వచ్చినవాళ్లని, "కాసేపు ఆగండి, ఇక్కడ పెద్ద పనుంది" అని ఆపేసింది.

సెట్టింగుల్లోకి వెళ్లాను. అన్నేళ్లుగా వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో నేనెప్పుడూ తెరవని పేజీలు అవి. కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు కూడా, వచ్చిన ప్రతి ప్రశ్నకీ చదవకుండా సరే, సరే అని నొక్కుకుంటూ పోయినవాణ్ణి. ఒక్కొక్కటీ చదువుతూ వెళ్తే టైప్ అనే పేజీ వచ్చింది. దాని అడుగున, ఏ ప్రాంతపు లిపులకి తగ్గట్టు అక్షరాలు పేర్చాలో అడిగే గడి ఒకటుంది. చుక్క తూర్పు ఆసియా దగ్గర ఉంది. దాని కిందే ఇంకో వరస, అందులో దక్షిణాసియా అన్న మాట.

"మనం ఎక్కడున్నాం?" అన్నాను.

"అరకులో" అంది నా భార్య.

"మన తెలుగు ఇన్నాళ్లూ చైనా వాళ్ల లైన్లో నిలబడి ఉందే!"

చుక్క మార్చాను. సరే నొక్కాను. ఇద్దరం ఊపిరి బిగపట్టి చూశాం. ఏమీ మారలేదు. చికెన్ అలాగే చెదిరి ఉంది. సాఫ్ట్‌వేర్ మూసి, తెరిచి, ఉదయం చేసిన ఫ్లెక్సీ ఫైలు తీసి మళ్లీ పేర్లు పెట్టాను. అదే సున్నా.

అక్కడ వదిలేయబోయాను, దాచడమెందుకు. ఎప్పుడూ వదిలేసే చోటే అది. చేయగలిగింది చేశాం కదా అనే మాట నోటిదాకా వచ్చింది. ఆమె గుమ్మం దాటుతూ అన్న మాట గుర్తొచ్చింది. వాళ్లమ్మకి ఇప్పుడు ఏం చెప్తూ ఉంటుంది?

కొత్త ఫైలు తెరిచాను. ఖాళీ తెల్ల కాగితం. దాని మీద కొత్తగా గడి గీసి, ఆమె పంపింది పెట్టాను.

మాండియా. కలిసే ఉంది. దాని కింద సువాన్, అంటే సామలు, అదీ కలిసే ఉంది. దాని కిందది, దాని కిందది, పైనుంచి కిందిదాకా అన్నీ. ఒక్క చుక్కల సున్నా లేదు.

నేనేం అరిచానో నాకు తెలియదు. పక్క టీ కొట్టు అతను పరిగెత్తుకొచ్చాడు, కరెంటు షాకు కొట్టిందనుకుని. "ఏమైంది, ఏమైంది" అంటే నా భార్య నవ్వలేక చస్తూ, "మాయాయనకి తెలుగొచ్చింది" అంది.

పాత ఫైలు పాత పద్ధతినే పట్టుకుని ఉంటుందన్నమాట. దాన్ని మార్చాలని చూస్తే లొంగదు. అందులోని బొమ్మలన్నీ కొత్త ఫైలులోకి తెచ్చుకుని, మొత్తం ఫ్లెక్సీ మళ్లీ కట్టాను. ఈసారి పేర్లు బొమ్మల కింద చిన్నగా కాదు, దూరం నుంచి కనపడేంత పెద్దగా పెట్టాను. ప్రింటు సగంలో ఉండగా కరెంటు పోయింది. నేను మిషను ముందు నిలబడి దాన్నే చూస్తూ ఉన్నాను. కరెంటు వచ్చాక ఆ సగాన్ని చించేసి మొదటి నుంచీ కొట్టాను. పొద్దు కొండ వెనక్కి దిగేలోపు అది తడి ఆరుతూ మా షాపు గోడకి వేలాడుతోంది. దారిన పోయేవాళ్లు ఆగి చదువుతున్నారు. ఇద్దరు ఆడవాళ్లు మాండియా దగ్గర ఆగి, పైకి చదివి, మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు.

తెల్లవారగానే ఫ్లెక్సీ చుట్టి బండికి కట్టుకుని బయల్దేరాను. సగం సంతోషం, సగం భయం. కాఫీ తోటల మలుపులు దాటి గూడెం దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా వెదురు. దాని వెనక కొప్పుల్లో పూలు పెట్టుకున్న ఆడవాళ్లు వరసగా. నా ముందున్న టూరిస్టుల కారుని ఆపి పాడుతున్నారు. కారు వెళ్లాక నా బండి ముందు వెదురు మళ్లీ దించారు.

"పండగివ్వు బాబూ, బేగి ఇవ్వు!"

జేబులో చెయ్యి పెట్టబోయాను. వరసలోంచి ఆమె ముందుకొచ్చింది. నన్ను, బండికి కట్టిన చుట్టని చూసింది.

"ఏటి తమ్ముడూ, ఇలగొచ్చావు? నిన్నటి దానికి బాకీ లేదే."

పందిరి వెనక పేర్లు లేని ఫ్లెక్సీ కట్టేసి ఉంది. బుట్టలన్నీ పెట్టేశారు. నేను బండి దిగాను. ఆమెతో చెవిలో చెప్పి, మార్చేసి వెళ్లిపోదామనే అనుకుంటూ వచ్చాను దారంతా. కానీ ఫాంటు లేదన్న నా మాట ఆమె నిన్న వచ్చి వీళ్లందరికీ చెప్పే ఉంటుంది. వీళ్లందరూ నమ్మే ఉంటారు.

గట్టిగానే చెప్పాను. "అక్కా, నిన్న మీ భాషకి ఫాంట్ లేదన్నాను. అది తప్పు. మీ భాషకి ఏమీ తక్కువ లేదు. నా కంప్యూటర్లో ఒక గడి నేను సరిగ్గా పెట్టుకోలేదు. తెలుగు కూడా ఇలాగే చెదిరిపోయింది. చూసుకోకుండా మీ మీద తోసేశాను."

ఆమె చుట్ట విప్పమని చేయి చూపింది. ఆ కొస ఇద్దరు, ఈ కొస ఇద్దరు పట్టుకుని రోడ్డు మీదే విప్పారు. హాస్టల్ పిల్లలు తోసుకుంటూ ముందుకొచ్చారు. ఒక పిల్ల, జడలకి ఎర్ర రిబ్బన్లు, గట్టిగా చదివింది.

"మాం... డి... యా. మాండియా! మామ్మ మాటే ఇది!"

అరుగు మీద కూర్చున్న ముసలామె తలెత్తింది. ఆ పేర్లు చెప్పిన వాళ్లమ్మ ఆవిడే. ఆ పిల్ల సువాన్ చదివింది. ముసలామె అక్కడ్నుంచే ఏదో అరిచింది. అందరూ గొల్లుమన్నారు.

"ఏమంటోంది?" అన్నాను.

"అలక్కాదంట. ముక్కుతో అనాలంట" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ.

పిల్లలంతా ముక్కుతో సువాన్ అనడం మొదలుపెట్టారు. ఒకరు చదవడం, అరుగు మీంచి దిద్దడం, మళ్లీ అందరూ అనడం. వెనకాల ఆగిన బళ్లు హారన్లు కొడుతున్నాయి, ఎవరికీ పట్టలేదు.

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "నిన్న నన్ను ఉత్త సేతుల్తో పంపావు కదా?"

"పంపాను."

"ఉత్త సేతుల్తో వొచ్చినోడికి మేం ఏటి సేత్తామో తెలుసా?"

"తెలుసు. కానీ అది వేటకెళ్లినవాళ్లకి కదా."

"పంపినోడికీ అదే" అని ఎవరో వెనకనుంచి అన్నారు. నేను తిరిగేలోపే కుండెడు పేడనీళ్లు నా వీపు మీద పడ్డాయి. చల్లగా! ఇంకో చెంబు తల మీద. నేను కూడా అరిచాను, నవ్వాను. అరుగు మీద ముసలామె చప్పట్లు కొడుతోంది.

పాత ఫ్లెక్సీ విప్పి, కొత్తది నేనే పందిరికి కట్టాను. నాలుగో మూల ముడి వేస్తుండగా ఆమె నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఫాంటు లేదన్న ఈ మాట ఇంకెవరికి సెప్పావు తమ్ముడూ?"

ముడి మీద నా వేళ్లు ఆగిపోయాయి. చెప్పాను, ఇంకొకరికి. పెదబయలు నుంచి ఒక పాస్టరు గారు క్రిస్మస్‌కి ముందు, అక్కడి ఆదివాసీలు మాట్లాడే కువి భాషలో, తెలుగు అక్షరాలతోనే, పాట పంపారు, బోర్డు చేసివ్వమని. ఫాంటు లేదండీ, తెలుగులో వేసుకోండి అన్నాను. ఆయన, పరవాలేదండీ అని తెలుగులోనే వేయించుకున్నారు. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆయన నాకు గుర్తు రాలేదు. ఆమె అడిగేదాకా రాలేదు.

"ఒకరున్నారు" అన్నాను.

"మరి?"

చేతులు చొక్కాకి తుడుచుకున్నాను, చొక్కా కూడా పేడే. అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఫోన్ చేశాను.

"వందనాలండీ పాస్టరు గారూ. క్రిస్మస్ ముందు మీరు పంపిన పాట ఫోన్లో ఇంకా ఉందా?"

"ఉంది బాబూ. ఏం, ఫాంటు దొరికిందా?"

"ఫాంటు అప్పుడూ ఉందండీ. నేనే వెతకలేదు. తప్పు నాది. పాట పంపండి, బోర్డు నేనే చేసి తెచ్చి కడతాను."

"మా పిల్లలు పాడతారు బాబూ ఆ పాట" అన్నారు. "పంపుతున్నాను."

ఆ వారంలోనే బోర్డు బండికి కట్టుకుని పెదబయలు దారి పట్టాను. వెళ్లేముందు ఒక్కో మాటా నాకు సరిగ్గా పలకడం వచ్చేదాకా పాస్టరు గారి చేత ఫోన్లో చెప్పించుకున్నాను. వెనక నుంచి నా భార్య, "ముక్కుతోనా, గొంతుతోనా కనుక్కోండి" అని అరుస్తూనే ఉంది.